తరుగు మరచిన షీటు: నిలవ సరుకు లెక్కలకు ఎక్సెల్ కొత్త ఫార్ములాలు

నాగారం: పసుపు రాబడి జోరందుకునే రోజుల్లో వర్తకుని ముందు ప్రతి ఏటా నిలిచే ప్రశ్న ఒక్కటే. వచ్చిన ధరకు సరుకు వదిలించుకోవడమా, నాలుగు నెలలు నిలవ పెట్టి చూడడమా? పూర్వం పెద్ద సేట్లు ఈ లెక్కను వేళ్ళ మీద వేసేవారు. ఇప్పుడు అందరి బల్ల మీదా ఎక్సెల్ షీటు వున్నది. అయితే ఆ షీటు చాలా దుకాణాల్లో ఎప్పుడో ఒక గుమాస్తా తయారు చేసి పెట్టి పోయినది. ఏటా దాన్నే నకలు తీసి, అంకెలు మార్చి వాడుకుంటున్నారు. లోపల ఏమున్నదో తెరిచి చూసే తీరిక ఎవరికీ లేదు. వేళ్ళ లెక్కలో తప్పు జరిగితే సేటుకు వెంటనే అనుమానం వచ్చేది. షీటు లెక్కకు ఆ సౌకర్యం లేదు. తప్పయినా ఒప్పయినా అది రెండు దశాంశాల వరకు ఖచ్చితంగానే కనిపిస్తుంది.

నాచారం, ఉప్పల్ పారిశ్రామిక వాడల చుట్టుపక్కల, ఇటు నాగారం దాకా సరుకు నిలవ పెట్టుకునే వర్తకులకు ఈ విషయం మరీ ముఖ్యం. వరంగల్ వైపు సరుకు ఉప్పల్ రోడ్డు మీదుగా నగరంలో ప్రవేశిస్తుంది. నిజామాబాదు లారీ మేడ్చల్ వద్ద అవుటర్ రింగ్ రోడ్డెక్కి కీసర వద్ద దిగితే నాగారం ఎంతో దూరం లేదు. రెండు మార్కెట్ల సరుకూ, రెండు రకాల చీటీలూ ఒకే దుకాణానికి చేరుతాయి. వాటిని ఒక్క లెక్కలోకి తేవడమే గుమాస్తాకు అసలు పని.

ఈ ప్రాంతానికి లెక్కల యంత్రాలు కొత్త కావు. నాగారానికి, నాచారానికి నడుమ వున్న ఇసిఐఎల్ సంస్థ 1967లో ఏర్పడినది. ట్రాంబేలోని అణు పరిశోధన కేంద్రంలో రూపుదిద్దుకున్న టిడిసి-12 కంప్యూటరును, ఆ తర్వాత 1970లలో దాని తమ్ముళ్ళయిన టిడిసి-312, టిడిసి-316 యంత్రాలను తయారు చేసి దేశానికి అందించినది ఆ సంస్థే. సంస్థకు ఊపిరి పోసిన అయ్యగారి సాంబశివరావు పేరనే పక్కన ఏ.ఎస్. రావు నగర్ వెలసినది. కంప్యూటరు అంటే ఒక గది నిండా వుండే యంత్రమని, దాన్ని ప్రభుత్వాలే కొంటాయని అనుకున్న కాలమది. వ్యాపారి తానే అంకె మార్చి ఫలితం చూసుకోగలిగే షీటు 1979లో అమెరికాలో విసికాల్క్ పేరుతో వచ్చినది. డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనే ఇద్దరు దాన్ని రూపొందించారు. 1983లో లోటస్, 1985లో ఎక్సెల్ వచ్చాయి. అప్పటి నుంచి ముప్పయ్యేళ్ళకు పైగా ఫార్ములాల నడక పెద్దగా మారలేదనే చెప్పాలి. మార్పు 2018లో మొదలయింది. ఒక గడిలో రాసిన ఫార్ములా పక్క గడుల్లోకి తనంత తాను విస్తరించే పద్ధతిని మైక్రోసాఫ్ట్ ఆ సంవత్సరం ప్రకటించినది. 2019లో ఎక్స్‌లుకప్, 2020లో లెట్, లాంబ్డా వరుసగా ప్రకటించారు. ఇవి ఇంజనీర్ల ఆటవస్తువులని మొదట్లో చాలామంది తేలికగా తీసుకున్నారు. నిలవ సరుకు లెక్క వేసుకునే వర్తకునికే ఇవి ఎక్కువ పనికి వస్తాయన్నది క్రమేణా తెలియవస్తున్నది.

లాభమా, నష్టమా?

ఒక ఉదాహరణ తీసుకుంటే విషయం తేటపడుతుంది. అంకెలు లెక్క సౌలభ్యం కోసం వేసుకున్నవే గాని ఏ రోజు ధారణా కావు. క్వింటాలు 12,000 రూపాయల చొప్పున 200 క్వింటాళ్ళ పసుపు కొన్నారనుకుందాం. సరుకు విలువ 24,00,000. మార్కెట్ ఫీజు నూటికి రూపాయి చొప్పున 24,000. హమాలీ, సంచులు, లారీ బాడుగ కలిపి క్వింటాలుకు 150 చొప్పున 30,000. వెరసి సరుకు గోదాములో పడేసరికి 24,54,000 రూపాయలు. దీనిపై నెలకు నూటికి రూపాయి వడ్డీ 24,540. గోదాము అద్దె, భీమా క్వింటాలుకు 20 చొప్పున నెలకు 4,000. నాలుగు నెలలకు వడ్డీ 98,160, అద్దె 16,000 కలిపితే మొత్తం ఖర్చు 25,68,160 రూపాయలు.

పాత షీటు ఈ మొత్తాన్ని 200తో భాగించి క్వింటాలుకు 12,841 పడిందని చెబుతుంది. నాలుగు నెలల తర్వాత బజారులో 13,000 ధర పలికితే సేటు సంతోషంగా అమ్మేస్తాడు. షీటులో 31,840 రూపాయల లాభం కనిపిస్తున్నది గదా! అయితే గోదాములో వున్నది 200 క్వింటాళ్ళు కాదు. నెలకు అర శాతం తరుగు పోయినా నాలుగు నెలలకు నాలుగు క్వింటాళ్ళు గాలిలో కలిసిపోతాయి. కాంటా మీద తేలేది 196. అసలు పడిన ధర 13,103. పదమూడు వేలకు అమ్మితే వచ్చేది 25,48,000 మాత్రమే. అంటే 31,840 లాభం కాదు, 20,160 నష్టం. ఒక్క వరుస మరచినందుకు యాభై రెండు వేల తేడా వచ్చినది. పైగా అమ్మకం దలాలి ఇందులో ఇంకా కలపలేదు.

తరుగు సంగతి తెలియని వర్తకుడు లేడు. తెలిసిన సంగతి షీటులో లేకపోవడమే చిక్కు. మొదట షీటు వేసిన గుమాస్తా బహుశా వచ్చిన సరుకు వచ్చినట్లే అమ్ముడయ్యే దుకాణానికి వేసి వుంటాడు. ఆ షీటే నిలవ పెట్టే దుకాణానికి నకలయింది. నకలు తీసిన వారెవరూ ఫార్ములా చదవలేదు. చదవడానికి అది వీలుగానూ లేదు. బి2 ను సి5 తో హెచ్చవేసి, డి9 కలిపి, ఎఫ్3 తో భాగించాలని రాసి వుంటే అందులో తరుగు వున్నదో లేదో ఎవరు చెప్పగలరు?

లెట్ అనే ఫార్ములా ప్రయోజనం ఇక్కడే వున్నది. అది లెక్కలోని ముక్కలకు పేర్లు పెట్టనిస్తుంది. పై లెక్కను దానితో రాస్తే ఈ తీరుగా వుంటుంది: లెట్(నెల, సీక్వెన్స్(6), ఖర్చు, మొదటిఖర్చు + నెలఖర్చు × నెల, తూకం, కొన్నతూకం × (1 − నెలతరుగు × నెల), ఖర్చు ÷ తూకం). కీబోర్డు మీద ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలనుకోండి, అర్థం మాత్రం ఇదే. దీన్ని చదివిన ఎవరికైనా తరుగు ఎక్కడ వున్నదో కనిపిస్తుంది. లేకపోతే లేదనీ కనిపిస్తుంది. మొదటి ఖర్చు, నెల ఖర్చు, తరుగు రేటు మొదలైనవి ఫార్ములాలో అంకెలుగా ఇరికించకుండా షీటు పైభాగాన విడిగా రాసి పెట్టుకోవాలి. బాంకు వడ్డీ పెంచిన నాడు మార్చవలసింది ఒక్క గడే అవుతుంది.

ఇందులో సీక్వెన్స్ అన్నది ఒకటి నుంచి ఆరు దాకా నెలలను తానే పరుస్తుంది. ఒక్క గడిలో ఫార్ములా కొడితే ఆరు నెలల గిట్టుబాటు ధరలు కిందికి వరుసగా వచ్చేస్తాయి. పై ఉదాహరణలో మొదటి నెలాఖరుకు 12,475, రెండో నెలకు 12,682, మూడుకు 12,891, నాలుగుకు 13,103, అయిదుకు 13,316, ఆరుకు 13,532 రూపాయలు. సరుకు ఒక నెల ఎక్కువ వుంచినందుకు క్వింటాలుకు 207 నుంచి 216 రూపాయల దాకా ధర పెరిగి తీరాలన్నమాట. పెరగకపోతే చేతి సొమ్మే. ఈ ఒక్క అంకెను దుకాణం గోడ మీద రాసి పెట్టుకున్నా చాలు, సగం షీటు పని అయిపోతుంది. 2023 వేసవిలో వున్న పసుపు ధర ఆగస్టు నాటికి రెట్టింపయిన వైనం వర్తకులందరికీ గుర్తే. అటువంటి ఏడాది తరుగు మరచిన షీటు కూడా లాభమే చూపిస్తుంది, తప్పు బయటపడదు. ధర నెలకు నూరు, నూటయాభై మాత్రమే కదిలే మందకొడి సంవత్సరంలోనే షీటు అసలు రంగు తెలుస్తుంది.

వాయిదా బజారులో సరుకు కాపాడుకునే వారికి తరుగు మరొక విధంగా అడ్డు తగులుతుంది. ఎన్‌సిడిఇఎక్స్‌లో పసుపు లాటు 5 టన్నులు. కొన్న 200 క్వింటాళ్ళకు నాలుగు లాట్లు సరిగ్గా సరిపోతాయని షీటు చెబుతుంది. నాలుగు నెలల తర్వాత డెలివరీ ఇవ్వాలనుకుంటే చేతిలో 19.6 టన్నులే వుంటుంది. మూడు లాట్లు నిండుగా వుంటాయి. నాలుగో దానికి నాలుగు క్వింటాళ్ళు వెలితి. ఆ కాస్త సరుకు అప్పటి ధరకు బయట కొనవలసి వస్తుంది.

వీలుకప్ చేసే మోసం

రేట్ల పట్టిక నుంచి ధర తెచ్చుకోవడానికి గుమాస్తాలందరూ వాడేది వీలుకప్. దీనిలో రెండు గోతులున్నాయి. ఎన్నో నిలువు వరుస నుంచి ధర తేవాలో అంకెతో చెప్పాలి. నాలుగు అని రాసిన తర్వాత ఎవరో పట్టిక మధ్యలో జిఎస్‌టి కోసం కొత్త వరుస చేర్చారనుకోండి, నాలుగు నాలుగుగానే వుండిపోతుంది. ధర స్థానంలో వేరే అంకె వస్తుంది. షీటు కిమ్మనదు. రెండో గొయ్యి ఇంకా లోతు. చివర్లో సరిగ్గా అదే పేరు కావాలని చెప్పకుండా వదిలేస్తే అది దగ్గర దగ్గర పేరుతో సరిపెట్టుకుంటుంది. పట్టిక అక్షర క్రమంలో లేకపోతే గోళ అడిగితే కాడి ధర ఇచ్చినా ఆశ్చర్యపోనక్కర లేదు.

ఎక్స్‌లుకప్‌కు ఈ రెండు దోషాలూ లేవు. ఎక్కడ వెతకాలో, ఎక్కడి నుంచి తేవాలో వేర్వేరుగా చూపిస్తే చాలు. మధ్యలో ఎన్ని వరుసలు చేర్చినా చెడదు. మాట చెప్పకపోయినా సరిగ్గా అదే పేరు దొరికితేనే ధర ఇస్తుంది. దొరకకపోతే ఏమని రాయాలో కూడా మనమే చెప్పవచ్చు. ఇక్కడ చాలామంది దొరకకపోతే సున్న వేయమని రాస్తున్నారు. ఇది పాత గోతి పక్కనే కొత్త గొయ్యి తవ్వడం. సున్న మొత్తంలో కలిసిపోయి కనిపించకుండా పోతుంది. ‘రేటు లేదు’ అని రాయిస్తే ఆ మాట గుమాస్తా కంట పడుతుంది.

తెలుగు మార్కెట్లలో దీనికి మరో ఉపయోగం వున్నది. వరంగల్, నిజామాబాదు చీటీల్లో కాడి, గోళ అని వచ్చే సరుకే దుగ్గిరాల చీటీల్లో కొమ్ము, కాయ అని వస్తుంది. రెండు పేర్లకు ఒక చిన్న పట్టిక వేసి, ఎక్స్‌లుకప్‌తో ఒకే పేరుకు మార్చుకుంటే నిలవ లెక్క ఒక్క చోట తేలుతుంది.

పార్టీల పేర్ల దగ్గర మాత్రం జాగ్రత్త అవసరం. వెంకటేశ్వరస్వామి పేరున, కనకదుర్గమ్మ పేరున ఈ రెండు రాష్ట్రాల్లో ఎన్ని దుకాణాలున్నాయో ఆ దేవుళ్ళకే తెలియాలి. ఒకే పేరు రెండుసార్లు వుంటే ఎక్స్‌లుకప్ మొదటిదాన్నే ఇస్తుంది. ఖమ్మం పార్టీ బాకీ గుంటూరు పార్టీ ఖాతాలో కనిపించవచ్చు. కనుక పేరుతో గాక జిఎస్‌టి నంబరుతో వెతికించడం మేలు. ఆ నంబరుకు 15 అక్షరాలు, మొదటి రెండూ రాష్ట్రాన్ని చెబుతాయి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. టాలీ నుంచి దింపిన జాబితాలో పేరు చివర ఒక ఖాళీ మిగిలిపోయినా ఎక్స్‌లుకప్‌కు అది వేరే పేరే. ముందు ట్రిమ్ ఫార్ములాతో ఆ ఖాళీలు ఏరివేయాలి. బాంకు ఖాతా నంబర్లను కూడా అంకెలుగా గాక అక్షరాలుగా దింపుకోవాలి. ఎక్సెల్ 15 అంకెలు దాటిన సంఖ్యలో మిగతావాటిని సున్నలుగా మార్చేస్తుంది.

బాంకు పరిమితి

సీజనులో వర్తకుని ఊపిరి బాంకు క్యాష్ క్రెడిట్‌లో వుంటుంది. నెల నెలా స్టాకు వివరం సమర్పించాలి. దాని ఆధారంగా బాంకు ఎంత వరకు తీయనిచ్చేదీ నిర్ణయిస్తుంది. సాధారణంగా సరుకు విలువలో చెల్లించని బాకీలు తీసివేసి, మిగిలినదానిలో నూటికి 25 మార్జిను కింద తగ్గిస్తారు. ఈ పద్ధతిలో పై ఉదాహరణ చూస్తే, పసుపు ధర క్వింటాలుకు వెయ్యి తగ్గిన రోజున 200 క్వింటాళ్ళ మీద సరుకు విలువ రెండు లక్షలు తగ్గుతుంది, తీయగల సొమ్ము లక్షా యాభై వేలు తగ్గుతుంది. సరిగ్గా మిర్చి కొనుగోళ్ళకు డబ్బు కావలసిన వారంలో ఇది జరిగితే నష్టం పసుపులో కాదు, మిర్చి బేరం తప్పిపోవడంలో వుంటుంది.

దీన్ని ముందే చూడడానికి వెనకటి రోజుల్లో ఒక్కొక్క ధర కొట్టి ఒక్కొక్క ఫలితం కాగితం మీద రాసుకునేవారు. ఇప్పుడు పై వరుసలో నెలలు అడ్డంగా, పక్క వరుసలో ధరలు నిలువుగా పరిచి ఒక్క ఫార్ములా రాస్తే పట్టిక అంతా తానే నిండుతుంది. ఏ నెలలో, ఏ ధరకు పరిమితి ఎంత దాకా దిగుతుందో ఒక్క చూపులో తెలుస్తుంది. అలాగే చాలా బాంకులు 90 రోజులు దాటిన రాబడి బాకీలను లెక్కలోకి తీసుకోవు. ఫిల్టర్ అనే ఫార్ములా ఖాతా జాబితా నుంచి గడువు దాటినవాటిని మాత్రమే ఏరి ఇస్తుంది. దాన్ని సార్ట్‌తో చుడితే పెద్ద బాకీ పైన నిలుస్తుంది. పొద్దున్నే ఎవరికి ఫోను చేయాలో సేటుకు అడగకుండానే తెలిసిపోతుంది. పని తేలిక చేయడంలో కొత్త ఫార్ములాలన్నిటిలో ఇదే మొదటిదని చెప్పవచ్చు.

కూడికలో కొత్త వరుసలు కలవకపోవడం మరో పాత జబ్బు. 40వ వరుస వరకు కూడమని రాసి పెట్టిన చోట 41వ లారీ సరుకు లెక్కకు రాదు. 2010లో రైన్‌హార్ట్, రోగాఫ్ అనే ఇద్దరు పేరుమోసిన ఆర్థికవేత్తల పత్రంలో సరాసరి తీసిన వరుసలు ముందే ఆగిపోయి అయిదు దేశాలు వదిలిపోయాయి. ఆ సంగతి 2013లో మసాచుసెట్స్‌కు చెందిన ఒక విద్యార్థి షీటు తెరిచి చూసినప్పుడు గాని బయటపడలేదు. కొనుగోళ్ళ జాబితాను ఎక్సెల్‌లోని టేబుల్‌గా మార్చుకుంటే కొత్త వరుస రాయగానే కూడిక దాన్ని తానే కలుపుకుంటుంది. ఇది కొత్తదేమీ కాదు, ఏళ్ళ నుంచీ వున్నదే. వాడేవారే తక్కువ. అయితే టేబుల్ లోపల పొర్లే ఫార్ములాలు పని చేయవు, తప్పు చూపిస్తాయి. ఫిల్టర్, సీక్వెన్స్ వంటివి టేబుల్ బయట, పక్కన ఖాళీ జాగాలో రాయాలి. కిందనో పక్కనో ఏదైనా గడి నిండి వున్నా అవి పొర్లలేక ఆగిపోతాయి.

వర్తక వర్గాలు గుర్తుంచుకోదగిన ఉదంతం 2003లో కెనడాలో జరిగినది. ట్రాన్సాల్టా అనే విద్యుత్ కంపెనీ న్యూయార్క్ ట్రాన్స్‌మిషన్ కాంట్రాక్టులకు బిడ్లు వేస్తూ షీటులో ఒకచోట నుంచి కత్తిరించి మరోచోట అతికించినది. వరుసలు ఒకదానికొకటి తప్పుకున్నాయి. ఒక కాంట్రాక్టుకు వేయవలసిన ధర మరొకదానికి పడినది. 2 కోట్ల 40 లక్షల డాలర్ల నష్టం వచ్చినది. బిడ్డు వేసిన తర్వాత ధర తప్పు పడిందంటే ఒప్పుకునే మార్కెట్ ఏదీ వుండదు గదా. మన వైపు ఆన్‌లైన్ వేలం పాటల్లోనూ అంతే. ఎక్స్‌లుకప్ వంటివి పేరును బట్టి ధర తెస్తాయి కనుక వరుసలు జరిగినా ధర జరగదు. కత్తిరించి అతికించే అలవాటే మానితే ఇంకా మంచిది.

లాంబ్డా సంగతి వేరు. దీనితో గిట్టుబాటు ధర లెక్క మొత్తానికి ఒక పేరు పెట్టి, ఆ పేరునే ఫార్ములాగా వాడుకోవచ్చు. కొన్న ధర, తూకం, నెలలు ఇస్తే చాలు, గిట్టుబాటు వస్తుంది. నాలుగైదు సరుకులు నిలవ చేసే పెద్ద కంపెనీకి ఇది సొంపుగా వుంటుంది. ఒక గుమాస్తాతో నడిచే దుకాణానికి మాత్రం అవసరం లేదనే చెప్పాలి. ఫార్ములా ఒక పేరు వెనుక దాక్కుంటే, రాసినవాడు మానుకుని పోయిన నాడు దాన్ని తెరిచే మనిషి వుండడు. మళ్ళీ మొదటికే వస్తుంది కథ. ఒకే గడిలో పది పేర్లతో పొడుగాటి లెట్ రాసి గొప్పగా చూపించడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. మూడు వరుసల్లో విడిగా రాసినదే సేటుకు అర్థమవుతుంది. చివర ఒక తనిఖీ వరుస తప్పక వుండాలి: మొదటి నిలవకు కొనుగోలు కలిపి, అమ్మకం, తరుగు తీసివేస్తే గోదాములోని కాంటా తూకం రావాలి. తేడా సున్న కాని రోజున ఎరుపు రంగు కనిపించేటట్లు పెట్టుకుంటే మిగతా షీటు జోలికి పోకముందే ఆగి చూడవచ్చు.

ఈ ఫార్ములాలు అన్ని కంప్యూటర్లలోనూ వుండవు. ఎక్సెల్ 2016, 2019లలో ఎక్స్‌లుకప్, ఫిల్టర్, లెట్ లేవు. 2021, 2024 వెర్షన్లలో, చందా కట్టే మైక్రోసాఫ్ట్ 365లో వున్నాయి. గూగుల్ షీట్స్‌లో ఖర్చు లేకుండా దొరుకుతాయి. ఉచితంగా లభించే లిబ్రె ఆఫీస్‌లో 2024 ఆగస్టులో వచ్చిన 24.8 వెర్షన్ నుంచి లాంబ్డా తప్ప పైన చెప్పినవి చేరాయి. దుకాణంలో కొత్తది, ఆడిటరు వద్ద పాతది వున్నప్పుడు పంపిన షీటు అక్కడ తెరిచి అంకె మార్చగానే పేరు తెలియదని తప్పు చూపిస్తుంది. బాంకుకు, ఆడిటరుకు పంపే నకలులో ఫార్ములాలు తీసి విలువలు మాత్రం అతికించి పంపుతూ, ఫార్ములాల అసలు ప్రతిని దుకాణంలోనే తేదీ వేసి భద్రపరచుకోవడం ప్రస్తుతానికి వర్తకులకు వీలైన మార్గం.